శాలువా కప్పితే గాయం మానదు



ఈ పోస్టు పొడుగ్గానే ఉంటుంది. తీరిక చూసుకుని చదవండి. నచ్చకపోతే కింద తిట్టండి, కానీ పూర్తిగా చదివి తిట్టండి.

విషయం ఇదీ. అక్టోబర్ 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం కదా, ఈసారి మన సంఘం తరఫున ఘనంగా జరుపుదామని కార్యవర్గం ప్రతిపాదించింది. టీ నగర్‌లో ఏసీ హాలు, జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, బయటి ఊరి నుంచి ఒక మోటివేషనల్ స్పీకర్, గంటన్నర ప్రసంగం, తర్వాత శాలువా, మెమెంటో, గ్రూప్ ఫోటో, భోజనం. మేము కొంతమంది సభ్యులం ఈ ప్రతిపాదనను వ్యతిరేకిస్తున్నాం. మానసిక ఆరోగ్యం మనకు అక్కర్లేదని కాదు. చాలా అక్కర ఉంది కాబట్టే వ్యతిరేకిస్తున్నాం. ఆ డబ్బుతో వారానికి రెండు సాయంత్రాలు మన సంఘం భవనంలోనే ఒక గది తెరిచి, తెలుగులో వినే మనుషుల్ని కూర్చోబెట్టాలని మా ప్రత్యామ్నాయ తీర్మానం. వచ్చే సర్వసభ్య సమావేశంలో రెండూ ఓటింగుకు వస్తాయి. ఎందుకు మా వైపు చెయ్యెత్తాలో చెప్పడానికే ఇదంతా.

ముందు మాట తేల్చుకుందాం. "ట్రామా" అనే మాట ఇప్పుడు చాలా చవకైపోయింది. సినిమా బాగోలేకపోయినా ట్రామా అంటున్నారు పిల్లలు. అసలు అర్థం వేరు. మనిషి తట్టుకోగలిగిన దానికంటే పెద్ద దెబ్బ తగిలినప్పుడు, ఆ సంఘటన గడిచిపోయినా శరీరానికీ మనసుకూ అది గడిచిపోనట్టే ఉండడం. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడడం, నిద్ర పట్టకపోవడం, పట్టినా అదే కల రావడం, ఆ వీధి వైపు వెళ్ళలేకపోవడం, అయినవాళ్ళ మధ్య కూర్చున్నా ఎవరూ లేనట్టు అనిపించడం. వైద్య గ్రంథాల్లోకి దీని పేరు ఆలస్యంగా వచ్చింది. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 1980లో తన వ్యాధుల పట్టికలో దీన్ని చేర్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల గోడు దాని వెనుక ఉంది.

మన నానమ్మలకు మాత్రం ఇది ముందే తెలుసు. "పిల్లాడు జడుసుకున్నాడు" అనేవాళ్ళు. దడుపు జ్వరం అనేవాళ్ళు. దిష్టి తీసి, విభూతి పెట్టి, తాయెత్తు కట్టి, రాత్రంతా పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళు. తాయెత్తు గొప్పదనం మాకు తెలియదు. ఆ రాత్రంతా కూర్చోవడం గొప్పదనం మాత్రం తెలుసు. మనం తాయెత్తు వదిలేశాం, మంచిదే. కూర్చోవడం కూడా వదిలేశాం. అక్కడ వచ్చింది చిక్కు.

"ఇవన్నీ డబ్బున్నవాళ్ళ రోగాలు, మన తెలుగువాళ్ళకు ఏం ట్రామా?" అని పోయిన సమావేశంలో ఒక పెద్దాయన అడిగారు. మర్యాదగానే జవాబు చెబుతాం. 2014 జూన్ 28న మౌలివాక్కంలో పదకొండంతస్తుల కడుతున్న భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన కూలీలు. శిథిలాల కింద నుంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్ళూ ఉన్నారు. భర్త శవం కోసం తెలియని ఊళ్ళో, రాని భాషలో ఆసుపత్రి గుమ్మం దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళూ ఉన్నారు. 2004 డిసెంబర్ 26న సునామీ మన తీరాన్ని కొట్టింది. 2015 డిసెంబర్ వరదల్లో ఒక్క రాత్రిలో ఇల్లు మునిగినవాళ్ళు మన సభ్యుల్లోనే ఉన్నారు. వాన గట్టిగా పడితే ఇప్పటికీ సామాన్లు మంచం మీదికి ఎక్కించే ఇళ్ళు మనకు తెలుసు. ఈ నగరం చెత్త ఎత్తుతున్నవాళ్ళలో, మురుగు తీస్తున్నవాళ్ళలో తరాల నుంచి ఇక్కడే ఉంటున్న తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆ మ్యాన్‌హోళ్ళు మింగిన మనుషులకు పెళ్ళాం పిల్లలు ఉన్నారు. వీళ్ళెవరూ డబ్బున్నవాళ్ళు కారు. వీళ్ళు మన ఉగాది సభకు రారు కాబట్టి మనకు కనపడరు, అంతే.

ఇక నాలుగ్గోడల మధ్య జరిగేవి. చిన్నప్పుడు దగ్గరి బంధువు చేసిన పాడుపని. తాగొచ్చి కొట్టే మొగుడు. మార్కులు రాలేదని బెల్టు తీసిన నాన్న. వీటి గురించి మనం మాట్లాడం. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది" అని ఒక సామెత చేతికిచ్చి నోరు మూయిస్తాం. "చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది" అన్నదీ మన సామెతే. మొదటిది మనకు నోటికొచ్చు. రెండోదాని రెండో సగం ఎవరూ గుర్తు చేసుకోరు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ గాయం దేనితో మానుతుంది?

అమెరికాలో జూడిత్ హెర్మన్ అనే సైకియాట్రిస్ట్ 1992లో ట్రామా గురించి ఒక పుస్తకం రాశారు. ఇంట్లో హింసకు గురైన ఆడవాళ్ళతో ఏళ్ళ తరబడి పనిచేసి, ఆ గాయాన్ని యుద్ధం నుంచి వచ్చిన సైనికుల గాయంతో పక్కపక్కన పెట్టి చూసిన మనిషి ఆవిడ. ఆవిడ తేల్చినది క్లుప్తంగా ఇదీ. ట్రామా మనిషికి రెండు చేస్తుంది: చేతిలోని పట్టు లాగేస్తుంది, తోటి మనుషుల నుంచి తెంపేస్తుంది. కాబట్టి మానడం కూడా ఒంటరిగా జరగదు, మరో మనిషితో బంధంలోనే జరుగుతుంది. అది మూడు దశల్లో నడుస్తుంది. ముందు భద్రత: ఈ గదిలో, ఈ మనిషి దగ్గర నాకేం కాదు అన్న ధీమా. తర్వాత జరిగినదాన్ని తలచుకుని, పోయినదానికి ఏడవడం. చివరికి మళ్ళీ నలుగురిలో కలవడం. మొదటి దశ దాటకుండా రెండో దశలోకి తోస్తే పుండు మళ్ళీ రేగుతుంది. మన స్పీకర్లు చేసేది సరిగ్గా అదే. మూడొందల మంది ముందు "మీ జీవితంలో అతి పెద్ద బాధ గుర్తు చేసుకోండి, కళ్ళు మూసుకోండి" అంటారు. కళ్ళు మూసుకున్న మనిషికి ఏం గుర్తొచ్చిందో ఆయనకు తెలియదు. కార్యక్రమం అయ్యాక ఆయన విమానం ఆయన ఎక్కుతారు.

ఇది అమెరికా కబురు, మనకు పడదు అనేవాళ్ళ కోసం చెన్నై కబురు చెబుతాం. 1986లో ఇక్కడ సైకియాట్రిస్ట్ డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ "స్నేహ" అనే సంస్థ పెట్టారు. చావాలనిపిస్తున్నవాళ్ళ మాట వినడం దాని పని. వినేవాళ్ళు డాక్టర్లు కారు, శిక్షణ పొందిన వాలంటీర్లు. సలహా ఇవ్వరు, నీతులు చెప్పరు, తప్పు పట్టరు. పేరు పెట్టడంలోనే ఉంది చూడండి: ఆసుపత్రి అనలేదు, కేంద్రం అనలేదు, స్నేహ అన్నారు. సునామీ తర్వాత కూడా వృత్తి నిపుణులు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, అన్నీ పోగొట్టుకున్నవాళ్ళ పక్కన కూర్చోబెట్టే పనిని ఆవిడ బృందం చేసి, దాని ఫలితాలను పరిశోధనగా ప్రచురించింది.

అంతకంటే పెద్ద సాక్ష్యం ఇంకోటి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో ఒక అధ్యయనం చేసింది. బ్రెజిల్, శ్రీలంక, ఇరాన్, చైనా, మన దేశం. మన దేశం నుంచి ఎంచుకున్న నగరం చెన్నై. ఆత్మహత్యకు ప్రయత్నించి ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చిన 1,867 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలుగా ఇచ్చే వైద్యం. రెండో గుంపుకు ఆ వైద్యంతో పాటు ఒక గంట సేపు కూర్చుని మాట్లాడడం, ఆ తర్వాత 18 నెలల్లో తొమ్మిది సార్లు ఫోన్ చేసో ఇంటికి వెళ్ళో "ఎలా ఉన్నారు?" అని పలకరించడం. కొత్త మందు లేదు, యంత్రం లేదు. 2008లో ఫలితాలు వచ్చాయి. 18 నెలల్లో ఆత్మహత్యతో చనిపోయినవాళ్ళు మొదటి గుంపులో 2.2 శాతం, పలకరింపు అందిన గుంపులో 0.2 శాతం.

ఈ అంకెలు మన కార్యవర్గం గోడ మీద రాసి పెట్టుకోవాలి. ఎందుకంటే ఇందులో మనకు తెలియని కొత్త విద్య ఏమీ లేదు. మన భాషలో దీనికి పాత పేరే ఉంది: పరామర్శ. ఇంట్లో మనిషి పోతే ఊరంతా వచ్చి కూర్చునేది. చాప వేసుకుని, ఏమీ మాట్లాడకపోయినా కూర్చునేది. మన లోపం ఒక్కటే. పన్నెండో రోజు భోజనాలయ్యాక అందరం చెప్పులేసుకుని వెళ్ళిపోతాం. అసలు బాధ ఆ తర్వాత మొదలవుతుంది. ఇల్లు ఖాళీ అయ్యాక, పలకరింపులు ఆగాక, మూడో నెలలో, ఆరో నెలలో, ఏడాది తిరిగేటప్పుడు. చెన్నైలో ఆ అధ్యయనం చేసింది మన పరామర్శను 18 నెలల దాకా సాగదీయడమే. ఒక మధ్యాహ్నం ఉపన్యాసానికి, తొమ్మిది పలకరింపులకు ఉన్న తేడా అది. మొదటిదానికి మనం బడ్జెట్ రాశాం. రెండోదానికి ఎవరూ అడగలేదు.

చెన్నైలో ఈ దారి వేసిన మరో మనిషిని తలచుకోవాలి. డాక్టర్ ఎం. శారదా మీనన్. 1923లో మంగళూరులో పుట్టారు, మద్రాసులో డాక్టరు చదివారు, దేశంలో తొలి మహిళా సైకియాట్రిస్ట్ అయ్యారు. 1961 నుంచి 1978 వరకు కీల్పాక్ మానసిక వైద్యశాలకు అధిపతిగా పనిచేశారు. కీల్పాక్ అంటే మన ఇళ్ళలో ఏమిటో చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో పెద్దవాల్తేరు, ఇక్కడ కీల్పాక్: తిట్టడానికి వాడే పేర్లు. మన తెలుగు సినిమాల్లో ఆ పేర్లు చెబితే హాలు నవ్వుతుంది. ఆ గేటు లోపల ఆవిడ పదిహేడేళ్ళు ఉన్నారు. రోగిని గోడల మధ్య పడేసి వెళ్ళే పద్ధతి పోవాలని, కుటుంబమూ పనీ తోడుగా మనిషి తిరిగి లోకంలోకి రావాలని పట్టుబట్టారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోకుండా 1984లో "స్కార్ఫ్" సంస్థను స్థాపించారు. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళకు, వాళ్ళ కుటుంబాలకు అది ఈనాటికీ అండగా ఉంది. 1992లో పద్మభూషణ్ ఇచ్చారు. 2021 డిసెంబర్‌లో 98 ఏళ్ళ వయసులో వెళ్ళిపోయారు. మందుల్ని ఆవిడ ఎప్పుడూ కాదనలేదు. మందు మింగించే చేయి ఎవరిది, మింగాక పక్కన ఎవరున్నారు అన్నదాన్ని కూడా వైద్యంలో భాగంగా చూశారు.

ఆవిడ ఒక్కరే కాదు. అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ 1950లలోనే ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల కుటుంబాలను పక్కనే ఉంచుకున్నారు. వెల్లూరు సీఎంసీ మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితో పాటు ఇంటి మనిషి ఉండడం దశాబ్దాలుగా ఆనవాయితీ. కాబట్టి "బంధంతో వైద్యం" అనేది విదేశీ ఫ్యాషన్ అనేవాళ్ళు దయచేసి మన దేశ చరిత్ర చూడండి.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది, దాన్ని దాచిపెట్టం. "అయితే కుటుంబమే చాలు కదా, బయటివాళ్ళెందుకు?" అని మీరు అడగొచ్చు. చాలదు. కుటుంబం మందు అయ్యే చోట్లు ఉన్నాయి, కుటుంబమే దెబ్బ కొట్టిన చోట్లు ఉన్నాయి. మేనమామ చేతిలో చెడిన పిల్లను "మేనమామతో సర్దుకో" అని ఇంటికే అప్పగిస్తే అది వైద్యం కాదు, గోరుచుట్టు మీద రోకటిపోటు. అందుకే శిక్షణ ఉన్న, ఆ ఇంటితో ఏ లావాదేవీ లేని మూడో మనిషి కావాలి. థెరపిస్ట్ అనే వృత్తి ఉన్నదే అందుకు.

ఆ థెరపిస్ట్ ఎవరై ఉండాలి? మన సభ్యులు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే కాబట్టి వివరంగా చెబుతాం. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి ఆ పైన మానసిక వైద్యంలో ఎండీ, డీపీఎం లాంటివి చేసిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఆ శాస్త్రంలో పై చదువు, పర్యవేక్షణలో శిక్షణ పూర్తి చేసి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దగ్గర నమోదైనవాళ్ళు. కౌన్సెలర్ అనే మాటకు మాత్రం చాలాకాలం కాపలా లేదు. ఎమ్మెస్సీ చదివి ఏళ్ళ తరబడి శిక్షణ పొందినవాళ్ళూ కౌన్సెలర్లే, మూడు రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్ళూ కౌన్సెలర్లే. కాబట్టి అడగండి. ఎక్కడ చదివారు? ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు, ఇప్పటికీ ఎవరితోనైనా మీ కేసులు చర్చిస్తారా? ట్రామా మీద ప్రత్యేకంగా శిక్షణ ఉందా? మీ వల్ల కానప్పుడు ఎవరి దగ్గరికి పంపుతారు? మంగలి షాపులో కత్తి కొత్తదా పాతదా అని అడుగుతాం, మనసు అప్పగించే చోట అడగడానికి మొహమాటమా?

చదువు ఒక్కటే సరిపోతుందా అంటే, సరిపోదు. అమెరికా సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ 1957లోనే ఒక వ్యాసంలో వాదించారు: మనిషి మారడానికి థెరపిస్ట్ దగ్గర కావలసింది ఎదుటివాడి లోపలికి వెళ్ళి చూడగల సానుభూతి, షరతులు లేని గౌరవం, నటన లేని నిజాయితీ అని. అది అప్పట్లో వాదన. తర్వాత లెక్కలు తీశారు. 2018లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష 295 అధ్యయనాలను, 30 వేలకు పైగా మందిని కలిపి చూసింది. ఏ పద్ధతి థెరపీ అయినా సరే, థెరపిస్టుకూ వచ్చిన మనిషికీ మధ్య కుదిరిన జత ఎంత గట్టిగా ఉంటే ఫలితం అంత మెరుగ్గా కనిపించింది. ఆ బంధం ఒక్కటే అన్నీ నయం చేస్తుందని దాని అర్థం కాదు. కొందరికి మందులు తప్పవు, ట్రామాకు పనిచేస్తాయని రుజువైన ప్రత్యేక పద్ధతులూ ఉన్నాయి. కానీ బంధం కుదరని చోట ఆ పద్ధతులు సగం దారిలో ఆగిపోతాయి, ఎందుకంటే మనిషి రెండోసారి రాడు.

బంధం అంటే చుట్టరికం కాదని కూడా చెప్పాలి. మంచి థెరపిస్ట్ మీ ఇంటికి భోజనానికి రారు, మీ అబ్బాయికి సంబంధం చూడరు, మీ చిట్‌ఫండ్‌లో చేరరు. చెప్పిన టైముకు మొదలుపెడతారు, చెప్పిన టైముకు ఆపుతారు, వచ్చే వారం అదే కుర్చీలో ఉంటారు. ఆ గీత వల్లే ఆ గదికి భద్రత. మూడు సిట్టింగుల్లో నయం చేస్తానన్నవాళ్ళని, మీ కథను పేరు మార్చకుండా వేదికెక్కి చెప్పేవాళ్ళని, మీకు చెప్పకుండా మీ అమ్మానాన్నలకు ఫోన్ చేసేవాళ్ళని వదిలేయండి.

ఇప్పుడు భాష సంగతి. తెలుగు సంఘంగా మనం ఈ పనికి ఎందుకు పూనుకోవాలో ఇక్కడ ఉంది. చెన్నై తెలుగువాళ్ళం ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడుతాం. బేరం తమిళంలో ఆడగలం. ఏడుపు ఏ భాషలో వస్తుంది? "బెంగ పెట్టుకున్నాను" అన్నదాన్ని ఇంగ్లీషులో చెప్పి చూడండి. దిగులు, గుబులు, బెంగ, ఉలుకు, ఒళ్ళు మంట, మనసు మనసులో లేకపోవడం: వీటి మధ్య తేడా మన అమ్మలకు తెలుసు. క్లినిక్‌లో ఫారం మీద ఒకటే గడి ఉంటుంది. అరవై ఏళ్ళ ఆడమనిషి "గుండెల్లో రాయి పెట్టినట్టుంది" అంటే, పక్కనున్న కొడుకు తమిళంలోకి మార్చేసరికి అది గుండె నొప్పి అయిపోతుంది, ఈసీజీ తీసి పంపిస్తారు. పైగా కొడుకు ముందు ఆవిడ అసలు విషయం ఎలా చెబుతుంది, అసలు విషయం ఆ కొడుకే అయినప్పుడు? ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు తెలుగు చదవడం రాదని సభల్లో బాధపడుతుంటాం. చదవడం రాకపోయినా వాళ్ళలో చాలామంది నొప్పి పుడితే "అమ్మా" అనే అంటారు. ఆ ఒక్క మాట దగ్గర మొదలుపెట్టగల మనిషి కావాలి.

మాకు ఎదురైన మిగతా అభ్యంతరాలకూ జవాబు చెబుతాం.

"గుడి ఉంది, దేవుడున్నాడు." ఉండనీయండి, ఎవరి నమ్మకం వారిది. గుడికి వెళితే మనసు తేలికపడితే వెళ్ళండి. కానీ 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఎర్వాడిలో జరిగింది మరవకండి. దర్గా దగ్గర నయమవుతుందని తెచ్చి వదిలిన మానసిక రోగులను ఒక ప్రైవేటు ఆశ్రమంలో గొలుసులతో కట్టి ఉంచారు. మంటలు అంటుకుంటే పారిపోలేక 28 మంది కాలిపోయారు. వాళ్ళను అక్కడ దింపి వెళ్ళింది కుటుంబాలే. సిగ్గు అనేది ఎంత దూరం తీసుకెళుతుందో దానికంటే రుజువు అక్కర్లేదు.

"పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది." ఈ మందు రాసే ముందు, దాన్ని మింగబోయే రెండో మనిషిని ఎవరైనా అడిగారా? మన సంఘం వివాహ వేదికలో కూర్చునే పెద్దలకు ఇది మా ప్రత్యేక విన్నపం.

"వెళితే పిచ్చివాడంటారు." 2021లో మద్రాసు హైకోర్టులో ఒక కేసు వచ్చింది. ప్రేమించుకుని మదురై నుంచి చెన్నైకి వచ్చేసిన ఇద్దరు యువతులు, తల్లిదండ్రుల ఫిర్యాదు మీద పోలీసులు పెడుతున్న ఒత్తిడి నుంచి రక్షణ అడిగారు. న్యాయమూర్తి జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ ఒక పని చేశారు. ఈ విషయం మీద నాకే సరైన అవగాహన లేదని కోర్టు రికార్డులోనే చెప్పి, ఒక సైకాలజిస్ట్ దగ్గరికి తానే వెళ్ళి కూర్చున్నారు. ఆ తర్వాతే జూన్ 7న తీర్పు రాశారు. ఆ తీర్పుతో ఏకీభవించాలా వద్దా అన్నది మీ ఇష్టం. మేము అడిగేది ఒకటే. హైకోర్టు న్యాయమూర్తి బహిరంగంగా సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడలేదు. మనం ఎవరిని చూసి సిగ్గుపడుతున్నాం?

"మన సంఘంలో రహస్యం నిలుస్తుందా?" అభ్యంతరాలన్నిటిలో ఇది నిజమైనది. సోమవారం ఎవరింట్లో గొడవైతే బుధవారానికి పాండీ బజార్‌లో తెలుస్తుంది, కాదనం. అందుకే మా తీర్మానంలో ఆఫీసు బేరర్లు, వాళ్ళ బంధువులు ఆ గదిలో వినేవాళ్ళుగా ఉండకూడదని రాశాం. సంఘం రిజిస్టరులో పేరు రాయరు, సభ్యత్వ నెంబరు అడగరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగా చెప్పింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు అని చెప్పింది కూడా ఆ చట్టమే. అది 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. చట్టం మారి ఇన్నేళ్ళయింది, మన నోళ్ళు ఇంకా "ఆత్మహత్య నేరం" దగ్గరే ఉన్నాయి.

"వాలంటీర్లు తెలిసీ తెలియక చెడగొడితే?" మంచి ప్రశ్న. వాలంటీరు పని ట్రామా తవ్వడం కాదు. వినడం, పలకరించడం, అవసరమైతే సరైన చోటికి తీసుకెళ్ళడం. తవ్వే పని శిక్షణ ఉన్న థెరపిస్టుదే. అందుకే తెలుగు వచ్చిన ఒక అర్హత గల క్లినికల్ సైకాలజిస్టును ఫీజు ఇచ్చి పెట్టుకోవాలని, వాలంటీర్ల మీద ఆయన లేదా ఆవిడ పర్యవేక్షణ ఉండాలని, శిక్షణ పూర్తి కాకుండా ఒక్కరినీ ఆ కుర్చీలో కూర్చోబెట్టకూడదని అడుగుతున్నాం.

"ప్రభుత్వం చూసుకోవాలి, సంఘానికెందుకు?" ప్రభుత్వం చూసుకోవలసిందే, అడుగుదాం. కానీ నిమ్‌హాన్స్ 2015–16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం ఈ దేశంలో మానసిక సమస్యలున్నవాళ్ళలో, సమస్యను బట్టి, 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. ఆ ఖాళీ నిండే దాకా మనవాళ్ళు ఆగగలరా?

మా తీర్మానం క్లుప్తంగా ఇదీ. ఒకటి, ఈ ఏడాది స్పీకర్ సభ రద్దు; దాని బడ్జెట్ ఈ పనికి మళ్ళింపు. రెండు, మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా లైబ్రరీ పక్క గది, వెనుక గేటు నుంచి విడిగా దారి. మూడు, పన్నెండు మంది వాలంటీర్లు, సగం మంది ఆడవాళ్ళు, అనుభవమున్న సంస్థతో శిక్షణ. నాలుగు, ఇంట్లో మనిషి పోయిన ప్రతి సభ్య కుటుంబానికీ ఏడాదిన్నర పాటు క్రమం తప్పని పలకరింపు. పుష్పగుచ్ఛం ఫోటో గ్రూపులో పెట్టడంతో సరి అనుకోకూడదు. అయిదు, సభ్యులు కాని తెలుగువాళ్ళకు, ముఖ్యంగా కూలీలకు, పారిశుధ్య కార్మికుల కుటుంబాలకు కూడా తలుపు తెరిచే ఉండాలి. ఆరు, ఏడాది తర్వాత ఎంతమంది వచ్చారో అంకె మాత్రమే సభ్యుల ముందు పెట్టాలి, పేర్లు కాదు.

అయిదో అంశం మీద కొందరికి అభ్యంతరం ఉందని విన్నాం. చందా కట్టనివాళ్ళకు ఎందుకు అంటున్నారు. తెలుగు జాతి గొప్పదనం మీద వేదికెక్కి మాట్లాడేటప్పుడు ఈ నగరంలో ఉన్న తెలుగువాళ్ళందరి లెక్కా చెప్పుకుంటాం. సంఖ్య కావలసినప్పుడు వాళ్ళు మనవాళ్ళు, గది తెరిచేటప్పుడు పరాయివాళ్ళు ఎలా అవుతారు? సమావేశంలో లేచి నిలబడి ఈ ప్రశ్నకు జవాబు చెప్పమని వాళ్ళను కోరుతున్నాం.

ఓటింగుకు ప్రాక్సీ లేదు, మనిషి రావాలి. ఇంట్లో ఆడవాళ్ళ పేరిట సభ్యత్వం ఉంటే వాళ్ళను కూడా తీసుకురండి. ఈ విషయంలో వాళ్ళ ఓటు మనకంటే ముఖ్యం.

ఈలోగా ఎవరికైనా ఇప్పుడే అవసరం ఉంటే సమావేశం దాకా ఆగొద్దు. చెన్నైలో స్నేహ నెంబరు 044-24640050. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నెంబరు 14416, తెలుగులోనూ మాట్లాడొచ్చు. మీకు అక్కర్లేకపోయినా ఫోన్‌లో సేవ్ చేసుకోండి. పక్కింటివాళ్ళకు ఎప్పుడు కావలసి వస్తుందో తెలియదు.